తిథులకు తాళం

అమలాపురం,
శ్రావణ బహుళ సప్తమి, శుక్రవారం.

చి.ల.సౌ. హేమకు,

నీ భర్త దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం, ఆవూ దూడా క్షేమం. నా కోపం ఒక్కటే ఇంట్లో కుదురుగా లేదు. అక్కడ నువ్వు, అమ్మాయి శ్రీవల్లి, దాని పెద్దవాడు, కొత్తగా పుట్టిన చిన్నపిల్ల, అల్లుడుగారు, వియ్యపురాలు అందరూ సుఖంగా ఉన్నారని అనుకుంటున్నాను.

ఫోనులో అరవకండి, స్పీకరు లేకపోయినా వియ్యపురాలికి వినపడుతోంది, చెప్పదలచుకున్నది ఉత్తరం రాయండి అన్నావు. అలాగే. కాగితం మీద ఎంత అరిచినా పక్కగదిలోకి వినపడదు. ఇది మాత్రం అల్లుడుగారి కంట పడనివ్వకు.

నీ ప్రశ్నలకు జవాబులు ముందు. బీపీ మాత్ర పొద్దున్నే వేసుకుంటున్నాను. వంట ఒకపూటే, రెండోపూట మజ్జిగన్నం. వానలకు వంటింటి పెంకులు కారితే మనిషిని పిలిచి సర్దించాను. పుల్ల ఆవకాయ జాడీ మూత గట్టిగానే ఉంది. అటక మీద ట్రంకుపెట్టెలో నీ నల్లట్ట పుస్తకం ఉండగా యాప్ గోల దేనికి, అందులో చూసి చెప్పండి అన్నావు. దాని సంగతి కింద రాస్తాను.

అసలు విషయం గోల్డ్ మెంబర్‌షిప్. అల్లుడుగారు కడతానంటున్నారు, కట్టించమంటారా వద్దా, తేల్చి చెప్పండి అన్నావు. తేల్చడానికే కూర్చున్నాను.

పోయిన శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి వచ్చినప్పుడు అల్లుడు రామకృష్ణగారు ఆ తిథుల యాప్ నా ఫోనులో పెట్టి, ఏడాదికి డబ్బు తనే కట్టారు. శ్రీవల్లి పది రోజులు కూర్చుని నీ పుస్తకంలో ఉన్న, నేను పౌరోహిత్యం చేసే రెండువందల పదకొండు కుటుంబాల వివరాలూ అందులోకి ఎక్కించింది. ఎవరింట్లో ఎవరు పోయారు, ఏ మాసం, ఏ పక్షం, ఏ తిథి, అన్నీ. మొన్న శ్రావణం రాగానే ఏడాది అయిపోయిందట. ఫోను తెరిస్తే అప్పన్న గారింటితో మొదలై పాతిక పేర్లు మాత్రం కనపడుతున్నాయి. మిగతా నూట ఎనభై ఆరింటి మీదా తాళంకప్ప బొమ్మ! పేరు నొక్కితే 'గోల్డ్ సభ్యులకు మాత్రమే' అంటుంది. ఏడాదికి మూడువేలు, నెలకైతే నాలుగువందలు.

వాళ్లకు ఫోను చేశాను. ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా, "మీ డేటా మా దగ్గర చాలా సేఫ్‌గా ఉందండి. చూడాలంటే అప్‌గ్రేడ్ చేసుకోవాలండి" అంది.

"మీ దగ్గర సేఫ్‌గా ఉండడమేంటమ్మా? అవి మా యజమానుల అమ్మానాన్నలు పోయిన తిథులు. రాసుకున్నది మేము, పోయింది వాళ్లవాళ్లు. మధ్యలో మీకేం పోయిందని తాళం వేసేరు?" అన్నాను.

"సారీ అండి. గోల్డ్‌లో జాతక పొంతన కూడా ఫ్రీ అండి" అంది.

చచ్చినవాళ్ల తిథి అడిగితే పెళ్లి పొంతన ఇస్తారట! అడిగింది ఇవ్వరు, అడగనిది నెత్తిన రుద్దుతారు. ఇంకో ఘనకార్యం విను. యజమానులకు ముందురోజు మేమే గుర్తుచేస్తాం అని గొప్పగా చెప్పుకున్నారు కదా. కాట్రేనికోన అప్పన్న గారికి, వాళ్ల నాన్నగారి ఆబ్దికానికి, పూలగుత్తి బొమ్మ పెట్టి 'వార్షికోత్సవ శుభాకాంక్షలు' పంపారు. ఆయన మంచివాడు గనక, "పంతులుగారూ, మా నాయన పోయినందుకు శుభాకాంక్షలు పంపేరేంటండీ?" అని నవ్వి ఊరుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అందుకే కట్టలేదు. మూడువేలు పెద్ద సొమ్మని కాదు. నా ఇంటికి తాళం వేసి, తాళంచెవి నాకే అద్దెకిస్తానంటే ఒళ్లు మండదా? ముప్ఫై ఏళ్లుగా తిథులు చెబుతున్నాను, నాకు ఆ మాత్రం గుర్తుండదా అనుకున్నాను.

గుర్తు లేదు హేమా.

ఉప్పలగుప్తం ప్రకాశరావు తెలుసు కదా, రొయ్యల చెరువులాయన. పదిరోజుల కిందట ఫోను చేశాడు. "మూర్తిగారూ, అమ్మ తద్దినం ఎప్పుడొచ్చిందండీ? రొయ్యల పట్టుబడికి మనుషుల్ని మాటాడాలండి, అదే రోజు పడకుండా చూసుకుంటానండి" అన్నాడు. యాప్ తీశాను. ప్రకాశరావు పేరు మీద తాళంకప్ప. ఆయన లైన్లో ఉన్నాడు. శ్రావణ బహుళం అని గట్టిగా తెలుసు. షష్ఠి అనిపించింది. "షష్ఠి, గురువారం" అని చెప్పేశాను.

నిన్న వెళ్లి పెట్టించి వచ్చాను. వాళ్లక్క ఉమాదేవిగారు ఐ.పోలవరం నుంచి వచ్చారు. కార్యక్రమం మొదలవకముందే ఆవిడ, "అమ్మ పోయింది పంచమి కాదా తమ్ముడూ" అని మెల్లిగా అంది. ప్రకాశరావు, "నువ్వూరుకో అక్కా. మూర్తిగారు షష్ఠన్నారంటే షష్ఠే" అన్నాడు. నేను విన్నాను. విని, మంత్రం గొంతు ఇంకాస్త పెంచాను.

భోజనాలయ్యాక పెరట్లో చేతులు కడుక్కుంటుంటే ఆవిడ వచ్చి, కొంగు చాటు నుంచి నాలుగేళ్లనాటి పెదకర్మ కార్డు తీసి చూపించింది. పోయిన తిథి శ్రావణ బహుళ పంచమి అని అచ్చువేసి ఉంది. "మా తమ్ముడితో నేను అనలేదండి. మీ మాటంటే వాడికి అంత గురండి. మీరే చెప్పండి" అంది. ఆ మర్యాద కంటే చెంప మీద కొడితే బాగుండేది.

ఇవాళ పొద్దున్నే మళ్లీ ఉప్పలగుప్తం వెళ్లాను. చెరువుగట్టు మీదే పట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. తిథి తప్పితే ఆ నెల అమావాస్యకు పెట్టవచ్చునని శాస్త్రం ఒప్పుకుంటుంది, వచ్చే శనివారం నేనే వచ్చి పెట్టిస్తాను, దక్షిణ ముట్టను అన్నాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చెరువులోకి చూస్తూ, "ఆయ్, అలాగేనండి. మరి అమ్మ మొన్న బుధవారం నాడు వచ్చి, ఆకెయ్యలేదని చూసి వెళ్లిపోయుంటదాండీ?" అన్నాడు.

అరవై ఏళ్ల మనిషి. ఇంటికి వచ్చి ఈ ఉత్తరానికి కూర్చున్నాను.

ఇప్పుడు నీ పుస్తకం సంగతి. అది ట్రంకుపెట్టెలో లేదు. పోయిన కార్తీకంలో దాన్ని వైనతేయ గోదావరిలో కలిపేశాను. అంచులకు చెదలు పట్టింది. లోపల అందరి పెద్దల పేర్లు, గోత్రాలు ఉన్నాయి, పాతసామాన్లవాడికి వెయ్యకూడదు కదా. పసుపు కుంకుమ పెట్టి, అరిటాకులో చుట్టి, దణ్ణం పెట్టి మరీ వదిలాను. యాప్‌లో అన్నీ ఉన్నాయనే ధీమా. నీతో ఒక్క మాట అనలేదు.

చెదలు ఒక సాకు. నిజం చెబుతాను. ఏ యజమాని ఫోను చేసినా నేను గొంతు సవరించుకుంటూ వంటింటి వైపు చూసేవాణ్ని, నువ్వు అట్లకాడ పట్టుకునే రెండో చేత్తో వేళ్లు చూపించేదానివి. ఐదు వేళ్లయితే పంచమి. నేను ఇక్కడ గంభీరంగా "పంచమి" అనేవాణ్ని. మూర్తిగారి జ్ఞాపకశక్తి అని కోనసీమంతా మెచ్చుకుంది. ఇరవయ్యారేళ్లు రాసింది నువ్వు, గుర్తుపెట్టుకున్నది నువ్వు. ఆ యాప్ వచ్చాక, ఇక నీ వేళ్ల వంక చూడక్కర్లేదని లోపల సంతోషించాను. అదీ నేను. ఆ కంపెనీవాడిని దొంగ అని ఇన్ని రోజులుగా తిడుతున్నాను. వాడు తాళం వేశాడు, నేను ఏకంగా నీళ్లలో కలిపాను.

కనుక నా నిర్ణయం ఇది. ఏడాదికి కట్టవద్దని అల్లుడుగారికి చెప్పు. మంచి మాటగా చెప్పు, ఆయన ప్రేమతో పెట్టిందే. ఒక్క నెలకు నేనే కడతాను, ఆ నాలుగువందలూ నా పొగరుకు జరిమానా. ఆ నెలలో రోజుకు పది కుటుంబాల చొప్పున రాసేస్తే ఇంకా వారం మిగులుతుంది. గడియారస్తంభం దగ్గర కొత్త పుస్తకం కొన్నాను. తాళం తెరుచుకోగానే మొదలుపెడతాను. నూట ఎనభై ఆరూ వెనక్కి వస్తాయి.

ఒకటి రాదు. పుస్తకం చివరి పేజీ. శ్రీవల్లి ఎక్కిస్తూ ఆఖరున, "ఇది కూడానా నాన్నా?" అని అడిగింది. "అది యజమానుల జాబితా కాదమ్మా, మన సొంతం, అక్కర్లేదు" అన్నాను. అది మీ అమ్మగారిది. ఆవిడకు కొడుకులు లేరు. ఏటా ఒకనాడు నువ్వు తలంటు పోసుకుని, పప్పూ బియ్యం కూరగాయలు పట్టుకెళ్లి ఎవరికో స్వయంపాకం ఇచ్చి, ఇంట్లో గారెలు, పరమాన్నం వండేదానివి. నేను తినేవాణ్ని. పద్దెనిమిదేళ్లు తిన్నాను. ఏ తిథి అని ఒక్కసారి అడగలేదు. ఊళ్లోవాళ్లందరికీ తిథి చెప్పేవాణ్ని, మా అత్తగారి తిథి నాకు తెలియదు.

వెంటనే రాయి. ఫోను చేసినా ఫరవాలేదు, వియ్యపురాలు వింటే విననీ. ఈసారి నేను పెడతాను.

నువ్వు వెళ్లి మూడు నెలలైంది. ఈలోగా అది దాటిపోయిందా హేమా?

ఇట్లు,
మీ అమ్మగారి అల్లుడు,
శ్రీరామచంద్రమూర్తి