కాలని మడత

అక్కకి,

మేమంతా కులాసా. అంటే నాకు దగ్గు, మీ మరదలికి మోకాలు నొప్పి, అమ్మాయికి లెక్కల పరీక్ష. అవి పోను మిగతాదంతా కులాసాయే. నువ్వూ బాగానే ఉన్నావనుకుంటాను. బావ ఇంకా పొయ్యి మీంచి గిన్నెలు దించుతూనే ఉన్నాడా?

నీ ఉత్తరంలో ఏడు ప్రశ్నలున్నాయి, లెక్కపెట్టాను. పచ్చబొట్టు సూదులు ఎవరికి వాళ్ళకి కొత్తవే వాడతారు, మన కళ్ళ ముందే కవరు చింపుతారు. నొప్పి ఉంటుందట, కాలిన మచ్చ మీద మాత్రం కొన్నిచోట్ల అసలు తెలియదట. ఈ వయసులో ఈ వేషాలేంటని మీ మరదలు అనలేదు. మా దుకాణంలో గుండీలు కుట్టే పెద్దాయన అన్నాడు. నలభై ఒకటి ఏం వయసని వాదించాను గానీ, కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని దానికోసమే వెతుకుతూ వాదించాను. నెగ్గలేదు.

ఇక అసలు ప్రశ్న, ఈ పచ్చబొట్టు ఎవరి దగ్గర వేయించుకుంటున్నావని. "ఎవరైనా సరే, వీపు మీద ఒక్క అంగుళం మచ్చ కూడా కనబడకూడదు" అని కింద గీత గీసి మరీ రాశావు. ముగ్గుర్ని చూశాను.

మొదటాయన గదిలో నాలుగు గోడలకీ అద్దాలే. నేను చొక్కా విప్పకముందే గద్ద అన్నాడు. రెక్కలు చాపిన గద్దయితే మచ్చంతా ఈకల్లో కలిసిపోతుందట. ఫోన్లో బోలెడు వీపులు చూపించాడు, అన్నీ కండలు తిరిగినవే. నా వీపు మీద వాలితే దానికి ఎముకలే మిగుల్తాయి. ఆలోచించుకుంటానని చెప్పి వచ్చేశాను.

రెండో ఆయన మర్యాదస్తుడు. మచ్చ మాయమైపోతుంది, పూచీ నాది అన్నాడు. తీగలూ ఆకులూ బల్ల మీద కాగితం పరిచి చాలా అందంగా వేశాడు. ఇరవై ఏళ్ళుగా గుడ్డ కత్తిరిస్తున్నవాణ్ణి, బల్ల మీద కుదిరిందల్లా ఒంటి మీద కుదరదని నాకు తెలుసు. చెయ్యి పైకెత్తితే ఈ తీగ ఏమవుతుందండీ అని అడిగాను. చెయ్యెందుకు ఎత్తుతారు అన్నాడు.

మూడో ఆవిడకి యాభై దాటాయి. సైకిళ్ళ రిపేరు షాపు మీద ఒకటే గది. కుర్చీ, దీపం, కిటికీ, అంతే. నవ్వదు. కూర్చోమంది, నిలబడమంది, వంగమంది, చేతులెత్తమంది. ప్రతిసారీ వీపు మీద పల్చటి కాగితం వేసి మళ్ళీ మొదట్నుంచీ గీసుకుంది. కొలతలు తీసేటప్పుడు నేనూ అచ్చం ఇలాగే మనుషుల్ని విసిగిస్తాను. ఈవిడేనని అప్పుడే అనుకున్నాను.

తరవాత, ఎలా కాలిందని అడిగింది. వేడినీళ్ళకి ఒకలా, నిప్పుకి ఒకలా చర్మం గట్టిపడుతుందట, సూది ఎంత లోతు దించాలో దాన్నిబట్టి చూసుకుంటుందట. మనింట్లో చెప్పుకునేదే చెప్పాను. నాకు ఏడేళ్ళు, గుమ్మం పక్కన చాప మీద బోర్లా పడుకుని నిద్రపోతున్నాను, మా అక్క స్నానానికి కాచిన నీళ్ళు తెస్తూ చూసుకోక ఒంపేసింది. ముప్పై నాలుగేళ్ళుగా అప్పజెబుతున్న పాఠం కదా, ఎక్కడా తడబడలేదు.

ఆవిడ దీపం దగ్గరకి లాక్కుని చాలాసేపు చూసింది. "మీరు పడుకుని లేరు" అంది.

"పడుకునే ఉన్నానండీ."

"పడుకున్న మనిషి మీద పడితే నీళ్ళు అటూ ఇటూ పక్కలకి జారతాయి. ఇవి భుజం మీంచి నడుం దాకా నిలువునా కారాయి. ఈ చంక కింద మడతలో అసలు కాలనేలేదు. గొంతుక్కూర్చుని, మోచెయ్యి ఒంటికి గట్టిగా నొక్కిపెట్టుకుని ఉన్నారు. చేత్తో ఏదైనా పట్టుకున్నారా?"

మడత పెట్టిన గుడ్డని రంగులో ముంచితే మడత లోపల తెల్లగా మిగిలిపోతుంది, అది నాకు తెలియని సంగతి కాదు. నా వీపు కాబట్టి నేను చూసుకోలేదు.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో అయితే నువ్వు మధ్యలోనే "పోనీలేరా, చిన్నపిల్లాడివి" అంటావు, నేను అక్కడే ఆగిపోతాను. అందుకే రాస్తున్నాను. ఆపకుండా చదువు.

అక్కా, నేను నిద్రపోలేదు. నిన్ను పడేద్దామని గుమ్మానికి అడ్డంగా తాడు కట్టాను. ఒక కొస స్టూలు కాలికి, రెండోది నా పిడికిట్లో. నీళ్ళు వేడివని తెలుసు. నా మీదే పడతాయని తెలియదు. నువ్వు తూలగానే స్టూలు దగ్గర ముడి ఊడిపోయింది, తాడు నా చేతిలో మిగిలింది. ఆసుపత్రిలో నర్సు నా వేళ్ళు విడదీసి దాన్ని తీసి చెత్తబుట్టలో పడేసింది. ఎవరూ అడగలేదు.

"కాలికి ఏదో తగిలింది నాన్నా" అని నువ్వు ఏడుస్తూ చెప్పావు. కళ్ళు నెత్తికెక్కాయా అని నాన్న కొట్టాడు. మర్నాటికి నువ్వే ఆ మాట అనడం మానేశావు. ఆ తరవాత నా ఐదో తరగతి దాకా నా సంచీ నువ్వే మోశావు, నీ ప్లేట్లో సగం నా ప్లేట్లో వేశావు. నాకు హాయిగానే ఉండేది. చెప్పేస్తే అవన్నీ పోతాయని చిన్నప్పుడు భయం. పెద్దయ్యాక మొహం చెల్లలేదు. సిగ్గుగా ఉందక్కా.

ఆ పచ్చబొట్టావిడకీ ఇంతే చెప్పాను. ఓదార్చలేదు, తిట్టలేదు. "సరే, వేడినీళ్ళే కదా. చెయ్యి దించండి" అని ఏదో రాసుకుంది. మచ్చ పూర్తిగా పోదనీ, నడుం దగ్గర రంగు నిలవదనీ కూడా చెప్పింది. తేదీ ఇంకా ఖాయం చెయ్యలేదు. మచ్చ కప్పాలన్నది నీ కోరిక, అది నీ తప్పనుకుని కోరుకున్నావు. ఇప్పుడు చెప్పు, కప్పమంటావా, వదిలెయ్యమంటావా? తిట్టాలనుంటే మాత్రం ఫోన్ చెయ్యి, వింటాను.

మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు పొయ్యి మీద గిన్నె దించమని బావని కేకేశావు. ఆయన ఒంటినిండా సబ్బు నురగతో స్నానం మధ్యలోంచి వచ్చి, దించి, వెళ్ళాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇవాళ నువ్వే దించు. గుమ్మం దగ్గర ఎవరూ కూర్చుని లేరు.

ఇట్లు,
ఆ తాడు కట్టిన
నీ తమ్ముడు