నల్ల పట్టీలు ఉండనివ్వండి

నాన్నగారూ,

పోయిన క్రిస్మస్‌కి మన చర్చిలో తీసిన క్వయర్ పాటలు ఇవాళ నాలుగింటికి లోకల్ ఛానల్లో మళ్ళీ వేస్తారట. నాకు మండపేట మిల్లులో డ్యూటీ. మీరే రికార్డు చెయ్యాలి.

వీసీఆర్‌లో కొత్త క్యాసెట్ పెట్టాను. పాస్టరుగారు కనబడగానే రికార్డు, ప్లే బటన్లు రెండూ కలిపి నొక్కండి. అయ్యేదాకా ఛానల్ మార్చకండి, మారిస్తే అదే క్యాసెట్లోకి ఎక్కేస్తుంది. ఇప్పటి ఛానళ్ళ బొమ్మ వెడల్పు, మన టీవీ పాతది. అందుకని పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి, ఉండనివ్వండి. సెట్‌టాప్ బాక్సు రిమోట్‌లో జూమ్ జోలికి మాత్రం వెళ్ళకండి.

కిందటిసారి నేను చేసిన తప్పు అదే. ఆ పట్టీలు చూసి చిరాకేసి, బొమ్మ నిండుగా ఉంటుందని జూమ్ నొక్కాను. రెండు పక్కలా తెగిపోయింది. అమ్మ కుడివైపు చివర నిలబడింది కదండీ. పాటల పుస్తకం అంచు తప్ప ఏమీ రాలేదు.

మర్నాడు ఆసుపత్రిలో "నేను కనబడ్డానా అబ్బాయ్?" అని అడిగింది. "బాగా కనబడ్డావమ్మా" అనేశాను. ఇంటికొచ్చాక చూస్తానంది. రాలేదు.

మీరు నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

చారు వేడి చేసుకోండి.

జయపాల్

ఇంకోటండి. ఆ పాత క్యాసెట్ పెట్టినప్పుడల్లా మీరు టీవీని కాకుండా, దాని కుడిపక్క గోడని చూస్తూ కూర్చుంటారు. ఇవాళ టీవీనే చూడండి.