ఏనుగుల మీద బూడిద

ఢిల్లీ పర్యావరణ కార్యదర్శి గారికి,

తప్పు మీదండీ, మా పక్కింటి సుబ్బరత్నం గారిది కాదు. వాతావరణ సదస్సుకొచ్చే విదేశీ అతిథులకని మీరే ఆవిడచేత కొండపల్లి అంబారీ ఏనుగు బొమ్మలు చేయించారు. "రంగు గరుగ్గా ఉంది, నాణ్యత లేదు" అని మీరే తిప్పి పంపారు. ఆ గరుకంతా బూడిదండీ! థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి పట్టా కప్పని బూడిద లారీలు మా వీధిలోంచే పోతాయి.

"నేనో పూత వేసి ఆరబెడితే, లారీ ఇంకో పూత వేస్తోంది బాబూ" అంటున్నారావిడ.

లారీలకు నియమాలు రాసిందీ మీరే, అమలు మరిచిందీ మీరే, ఇప్పుడు ఆవిడ పనితనానికి వంక పెట్టిందీ మీరేనా? ఈ ఆర్డరు పోతే ఆవిడ కుంచె పక్కన పెట్టేయాల్సిందే.

కాబట్టి మా డిమాండ్లు:

లారీలకు పట్టాలు కప్పించండి.

ఏనుగుల్ని మళ్లీ తీసుకోండి.

సదస్సులో వాటిని తుడవకుండా పెట్టండి.