సింకు మీద కిటికీ

లినెట్‌కి,

తెల్ల రంగులో ఇన్ని తెలుపులుంటాయని నాకు పెళ్లికి ముందే చెప్పాల్సింది. నువ్వు ఫ్రిజ్ మీద అంటించి వెళ్లిన పత్రికలోని ఇంటి బొమ్మ పట్టుకుని రంగుల దుకాణానికి వెళితే, అక్కడి పిల్ల బల్ల నిండా తెలుపులు పరిచి "ఏ తెలుపు అంకుల్?" అంది. నాకన్నీ పాలలాగే కనిపించాయి. "మా ఆవిడ తిట్టనిది ఇవ్వమ్మా" అన్నాను.

ఇక్కడ నేనూ, కుక్కా, నీ కోళ్లూ కులాసా. అడిలైడ్‌లో ఆపరేషనైన నీ కొత్త మోకాలూ, మన అమ్మాయి టెగనూ, దాని పిల్లలూ బాగున్నారనుకుంటాను. అప్పుడే మెట్లెక్కుతున్నావట. కాస్త మెల్లగా.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి. తింటున్నావా అని ఒకటి. తింటున్నాను, కోళ్లే సాక్షి. ఇంటిని ఏం చేశావని రెండోది. పనివాడు మానేశాక కూడా వేటకి బోటు మీద ఒక్కడివే వెళుతున్నావా, వెళుతుంటే నేను ఇప్పట్లో రాను, అని మూడోది. దాని దగ్గరికి వస్తాను. ముందు ఇల్లు.

గోడలకి తెలుపు, తలుపులకి వెలిసిన నీలం. వెలవడానికి ఎండ అక్కర్లేదట, గరుకు కాగితంతో రుద్దితే చాలట. పోయినేడు పెట్టించిన కొత్త తలుపుని పాతబడేలా రుద్దుతుంటే మెర్వ్ కంచె మీంచి చూశాడు. "ఏరా డారిల్, మతి గానీ పోయిందా? మా తలుపు చూడు, ముట్టుకోకుండానే అలా ఉంది!"

పారెయ్యమని నువ్వు మొత్తుకున్న బుట్టలు, పుల్లలతో అల్లిన రొయ్యలు పట్టేవి, షెడ్డులో ఉన్నాయే, వాటిని బోర్లించి లోపల బల్బులు పెట్టాను. దీపం వేస్తే గోడల మీద వల పరిచినట్టు నీడ. పత్రికలో అలాంటిదానికి రెండు పేజీలిచ్చారు. చెత్త కాదని నేను ఎప్పట్నుంచి చెబుతున్నాను?

ఒక్కటే కుదరలేదు. ఆ బొమ్మలో సింకు మీద కిటికీ, కిటికీలో సముద్రం. మనకి అక్కడ గోడే. మా నాన్న కట్టేటప్పుడు "పొద్దస్తమానం దాని మొహమే చూస్తాను, ఇంటికొచ్చాక కూడానా?" అని ఇంటి వీపు సముద్రానికి తిప్పాడు. ఈ వీధిలో జాలర్ల ఇళ్లన్నీ అంతేగా.

అందుకని గోడ కోశాను. అరవకు.

మొదటి చెక్క పలక ఊడగానే నీ సింకు దగ్గర నిలబడి చూశాను. ఎదురుగా రాళ్ల మధ్య బోట్లు లోపలికొచ్చే దారి. సరిగ్గా అప్పుడే మెర్వ్ బోటు వస్తోంది. అలలోకి దిగింది. కనిపించలేదు. ఇన్నేళ్లూ నేను ఆ దారినే వచ్చాను గానీ, ఇంట్లోంచి ఎన్నడూ చూడలేదు. అది మళ్లీ తేలేదాకా నా చేతులు సింకు అంచు పట్టుకుని వదల్లేదు. నువ్వు చలిగాలిలో, నీళ్ల ట్యాంకు పక్కన కోటు కప్పుకుని ఇదే చూస్తూ నిలబడేదానివి. నేనేమో వచ్చి "టీ పెట్టావా?" అనేవాణ్ణి.

జెట్టీ దగ్గరికెళ్లి మెర్వ్‌ని పట్టుకున్నాను. "అంత అలలో వస్తావేంట్రా వెధవా!"

"మా చెల్లెమ్మ లేకపోయేసరికి ఆవిడ తిట్లు నువ్వు తిడుతున్నావా?" అన్నాడు.

ఇక మూడో ప్రశ్న. వెళ్లాను. గోడ కోసిన రోజు దాకా ఒక్కణ్ణే వెళ్లాను. ఇప్పుడు బోటు మన పెరట్లో ఉంది. మళ్లీ నీళ్లలోకి దిగదు. మెర్వ్ అందులో బంగాళాదుంపలు వేద్దామంటున్నాడు. నేను చుక్కాని పట్టుకుని ఏ బోటు అద్దంలోంచి చూసేవాణ్ణో, అదే ఇప్పుడు కిటికీగా నీ సింకు మీద ఉంది. ఉప్పు గీతలు కాసిని ఉన్నాయి, పత్రికవాళ్లకైతే అవే అందం. నేనే బిగించాను. నిన్నటి గాలివానకి బొట్టు కారలేదు. ఇంత మంచి కిటికీ ఈ తీరంలో ఇంకొకటి ఎవరినైనా చూపించమను, చూస్తాను.

ఇన్నేళ్లూ సముద్రాన్ని నా కోసం చూశావు. ఇక ఊరికే చూడు. నువ్వు కుర్చీ వేసుకో, గిన్నెలు నేను తోముతాను, టీ కూడా నేనే...

ఉండు, మెర్వ్ కేకేస్తున్నాడు. "ఒరేయ్ డారిల్! నీ కోళ్లు బోటెక్కాయిరా!"

ఇట్లు,
ఇక ఇంటి పట్టునే ఉండే నీ మొగుడు,
డారిల్