ఎర్ర రబ్బర్ బ్యాండ్

మార్చి 3

ఓవెన్ లోపలి మసి చూస్తే నాకే సిగ్గేసింది. అన్న బ్రెడ్ కాలుస్తాడు, వదిన కౌంటర్ చూస్తుంది, కొనడం కడగడం నా వంతు. ఈ బేకరీలో శుభ్రంగా ఉంటే ఎవరికీ కనపడదు, మురికిగా ఉంటే నేనే కనపడతాను.

క్లీనర్లమ్మే ఆయన రెండు డబ్బాలు చూపించాడు. ఒకటి ఘాటు లేనిది, పూసి రాత్రంతా వదిలేయాలట. రెండోది పది నిమిషాల్లో మసి ఊడగొడుతుందట, కానీ చాలా స్ట్రాంగ్, జాగ్రత్తమ్మా అన్నాడు. ఫోన్ చేస్తే వదిన మొదటిదే తెమ్మంది. అంత ఓపిక ఎవరికుంది? రెండోదే తెచ్చాను.

మార్చి 5

గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని, ఓవెన్ పూర్తిగా చల్లారాకే రుద్దాను. లోపల మొహం చూసుకోవచ్చు. అన్న శభాష్ అన్నాడు.

డబ్బా మొయ్యలేక చేతులు పడిపోయాయి. అందుకని కొంచెం స్ప్రే బాటిల్లో పోసుకున్నాను. బ్రెడ్ పైపొర కరకరలాడాలని వేడి ఓవెన్లోకి నీళ్లు కొడతామే, ఆ బాటిళ్లలోదే ఒకటి. చూడ్డానికి అదీ నీళ్లలాగే ఉంటుంది. గుర్తుకి దాని మెడకి ఎర్ర రబ్బర్ బ్యాండ్ వేశాను. షాపులో మిగతావన్నీ పసుపువే, ఎర్రది ఇదొక్కటే. ఎర్రది ఉన్న బాటిల్ ముట్టుకోవద్దని ఇద్దరికీ చెప్పాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మార్చి 11

వదిన కళ్లు.

మార్చి 12, ఉదయం 6

జరిగింది రాసి పెడుతున్నాను.

నిన్న పదిన్నరకి అన్న పిండి పిసుకుతున్నాడు. బ్రెడ్ లోపల పెట్టాను, కాస్త నీళ్లు కొట్టు అని వదినతో అన్నాడు. వదిన తలుపు తీసి, వంగి, బల్ల మీది బాటిల్ అందుకుని కొట్టింది. లోపలి వేడికి ఆవిరీ తుంపర్లూ మొహం మీదికి తన్నుకొచ్చాయి. ఆ కేక ఇంకా నా చెవుల్లోనే ఉంది.

కుళాయి కింద తల పెట్టి, రెప్పలు విప్పి పట్టుకుని, కళ్లలోకి నీళ్లు పోస్తూనే ఉన్నాను. పక్కషాపు ఆవిడ నిమ్మరసం పిండితే విరుగుడు అంటూ పరిగెత్తుకొచ్చింది. అరిచి పంపేశాను. నిన్నంతటికీ నేను సరిగ్గా చేసింది అదొక్కటే.

ఆస్పత్రికి డబ్బా కూడా పట్టుకెళ్లాను. అన్న వెనకాలే వచ్చాడు, వదిన ఏమీ తినలేదని షాపులో చేతికందిన ప్యాకెట్ సంచిలో వేసుకుని. కంటి డాక్టరు డబ్బా మీద ఏముందో నన్నే పైకి చదవమన్నారు. గ్లౌజులు వాడాలి. కళ్లద్దాలు వాడాలి. చల్లారిన ఓవెన్ మీదే వాడాలి. అన్నీ చదివాను. వేరే సీసాల్లోకి పోయరాదు అన్న లైను మాత్రం దాటేశాను.

మార్చి 13

ఆస్పత్రిలో మంచం పక్కనే నిలబడి అన్న వదిన మీద విరుచుకుపడ్డాడు. చెల్లి చిలక్కి చెప్పినట్టు చెప్పిందిగా, కళ్లు ఎక్కడ పెట్టుకున్నావు అన్నాడు. ఆ మాట అనేశాక తనే ఏడ్చాడు. బాటిల్‌కి బ్యాండ్ లేదండీ అంది వదిన. ఉందా లేదా అని అన్న నన్నడిగాడు. వదిన రెండు కళ్లకీ కట్లున్నాయి. అయినా మొహం నా వైపే తిప్పింది.

నేను చూడలేదన్నాను.

మార్చి 14

అబద్ధం. తీసింది నేనే. ఆ రోజు పొద్దున రస్కుల ప్యాకెట్ మూతి కట్టబోతే పసుపువి చేతికందలేదు. నిమిషంలో మళ్లీ వేసేద్దామని బాటిల్ మెడకున్న ఎర్రది లాగాను. ఇంతలో కౌంటర్ దగ్గర ఎవరో పిలిచారు. అంతే, మర్చిపోయాను.

షాపంతా గాలించాను. ఆ ప్యాకెట్ లేదు. ఎవరో కొనుక్కుపోయి ఉంటారు, అమ్మయ్య అనుకున్నాను. ఛీ, నేనూ ఒక మనిషినేనా.

మార్చి 19

రేపు చెప్పేస్తాను.

మార్చి 20

చెప్పలేదు.

మార్చి 26

ఎడమ కన్ను దక్కింది. కుడి కంటికి వెలుతురు తప్ప ఏమీ తెలియదు, ఇక మీదట కూడా అంతేనట. అన్న తిట్టడం మానేశాడు. అసలు వదినతో మాట్లాడడమే మానేశాడు. చూడ్డానికొచ్చిన వాళ్లందరితో వదిన, నేనే సరిగ్గా చూసుకోలేదేమోలెండి అంటోంది. అదీ నేను గదిలో ఉన్నప్పుడే. ఎందుకంటోందో అడిగే ధైర్యం నాకెక్కడిది?

క్లీనర్ పోసిన బాటిల్ కడిగి చెత్తలో పారేశాను. ఘాటు లేనిది తెచ్చాను. రాత్రంతా ఆగితే ఏమీ కొంప మునగడం లేదు.

ఏప్రిల్ 9, కౌంటర్ వెనక

వదిన షాపుకి వచ్చింది. ఒక్కో బాటిల్ మూత తీసి వాసన చూసింది. తర్వాత పర్సులోంచి ఎర్ర రబ్బర్ బ్యాండ్ తీసి నా అరచేతిలో పెట్టింది. అన్న ఆస్పత్రికి తెచ్చిన రస్కుల ప్యాకెట్‌కి ఉందట. ఎడమ కంటి కట్టు విప్పగానే మొదట చూసింది దాన్నేనట. నువ్వే చెబుతావని ఇన్నాళ్లూ చూశాను అంది.

అన్న లోపల పిండి పిసుకుతున్నాడు. ఈ డైరీ మూసేసి అన్న దగ్గరికి వెళ్తున్నాను.