పన్నెండు నల్ల గింజలు

క్రెమోనా, 9 ఫిబ్రవరి 1641

అమ్మగారి చేతులు ముద్దాడి మీ కస్సాండ్రా రాస్తున్నది. చలికాలపు జలుబులు తప్ప ఇక్కడ అందరం బాగున్నాం. మీ మోకాలి వాపు తగ్గిందని తెలిస్తే మనసు కుదుటపడుతుంది.

మంగళవారం మీ ఉత్తరం అందింది. చెల్లి ఇప్పోలిత సరిగ్గా తింటోందా అని అడిగారు. బాదం రొట్టె తింటుంది. ఉపవాసం రోజు మాంసం బదులు పెట్టే చేప మాత్రం పిల్లికి పెడుతుంది. నిద్రపోతోందా అన్నారు. పోతోంది, నా చెయ్యి పట్టుకుని. మొన్న తోటలో నిలబడి, "అక్కా, ఈ మఠానికి కిటికీలన్నీ అంత పైన ఎందుకు పెట్టారు? వీధిలో చూడకూడనిది ఏముంది?" అంది.

"ఏముంది, గాడిదలు, కూరగాయలవాళ్లు," అన్నాను.

"నాకు అవే కావాలి," అంది. పదిహేనేళ్ల పిల్ల, అమ్మా.

దానికి సన్యాసిని ముసుగు కుట్టించావా అన్నారు. కుట్టించలేదు.

దాన్ని చేర్చుకోవాలా వద్దా అని నిన్న ఉదయం మఠం సభ కూడింది. మా పద్ధతి మీకు తెలిసిందే. ప్రతి సన్యాసినీ గుప్పిట సంచిలో పెట్టి ఒక గింజ వదులుతుంది. తెల్లదైతే రానివ్వమని, నల్లదైతే వద్దని. ఎవరు ఏది వేశారని ఎవరూ అడగకూడదు. మా ఇరవైతొమ్మిది మందిలో ఇరవై తెల్లవి రావాలి. మఠాధిపతి, మా మేనత్తగారే, సంచి బల్ల మీద బోర్లించారు. పదిహేడు తెల్లవి, పన్నెండు నల్లవి.

మన ఇంటి పిల్లను ఈ మఠం ఇంతవరకూ ఎన్నడూ కాదనలేదు. నాన్నగారికి గిట్టనివాళ్లెవరో చేయించారని మీరు అనుకుంటారు. పాపం, వాళ్లనేమీ అనకండి. చేసింది నేను. ఒక నల్ల గింజ నాది. ఇంకో పది నేను గది గదికీ తిరిగి వేయించినవి, మిగిలిన ఒక్కటి ఎవరిదో నాకూ తెలియదు.

బతిమాలే పని పెద్దగా పడలేదు. డెబ్బై ఏళ్ల దేయోదాతగారు నన్ను మాట పూర్తి చేయనివ్వలేదు. "నన్ను తెచ్చి పడేసినప్పుడు నాకు పాలపళ్లు కూడా ఊడలేదే! ఇటు తే ఆ నల్ల గింజ. ఒక్కటేనా? రెండు వెయ్యకూడదూ?" అన్నారు.

తొమ్మిదేళ్ల క్రితం, నేను ముసుగు వేసుకునే ముందు, బిషప్‌గారి ప్రతినిధి నన్ను విడిగా కూర్చోబెట్టి, "నీ ఇష్టంతోనేనా అమ్మాయీ?" అని అడిగాడు. తలుపు అవతల మీ పట్టు గౌను గరగరలాడడం వినిపించింది. అవునన్నాను. అది అబద్ధమని అప్పుడే మీకు తెలుసు. ఇప్పుడు నేను కూడా చెబుతున్నాను. నాకు లాటిన్ చెప్పించింది మీరే. ఆ చదువుతోనే చర్చి శాసనం మొత్తం చదివాను. ఇష్టంలేని పిల్లను మఠంలోకి తోసినవాళ్లను వెలివేయాలని అందులో ఉంది. ఆ పుట మీకు ఎవరూ చదివి వినిపించి ఉండరు.

మా ఉత్తరాలన్నీ మేనత్తగారు చదివాకే గడప దాటుతాయి. ఇదీ ఇక్కడివరకు చదివారు. "మీ అమ్మకి ఒళ్లు మండుతుందే," అన్నారు.

"మండనివ్వండి అత్తయ్యా."

"అందుకేగా ముద్ర వెయ్యడానికి లక్క వేడి చేస్తున్నాను," అన్నారు. తన గింజ ఏ రంగుదో చెప్పలేదు. నేనూ అడగలేదు.

గురువారం బండి పంపండి, ఇప్పోలిత ఇంటికి వస్తుంది. దానికి ఇప్పుడు పెళ్లీ వద్దట, ముసుగూ వద్దట. తర్వాత ఏం కావాలో అదే చెబుతుంది, వినండి.

ఇది కాకపోతే ఇంకో మఠమని నాన్నగారు అంటారు. బ్రెషియాలో చిన్నత్త ఉంది. మాంటువాలో మన ఇంటి లవీనియా, పర్మాలో మీ సొంత చెల్లెలు ఉన్నారు. అక్కడా నల్ల గింజలే పడేలా చూడమని ముగ్గురికీ నెల క్రితమే రాశాను, ముగ్గురూ సరేనన్నారు. ప్రతి మఠంలోనూ మన ఇంటి ఆడది ఒకతె ఉండాలని, అక్కడ ఆమె మాట చెల్లాలని ఏరికోరి పెట్టింది మీరే కదమ్మా. చెల్లుతోంది.

ఇట్లు,
మీ పెద్దకూతురు
కస్సాండ్రా