పట్టికలో లేని వరుస

నవంబర్ 5, బుధవారం

తుఫాను వెళ్లి వారమైంది. ఇవాళ ఎండ గట్టిగా కాసింది. గోదాములో కింది వరుస మక్కజొన్న విత్తనం బస్తాలకు చెమ్మ తగిలింది. లస్మయ్యా నేనూ బయటికి లాగి ఎండబెట్టాం. లస్మయ్య షాపు ట్రాలీ ఆటో నడుపుతాడు. నేను బిల్లులు రాస్తాను, కంప్యూటర్ చూస్తాను. ఈ విత్తనాల షాపులో చేరి ఆరేళ్లయింది.

పదకొండింటికి అన్న వచ్చాడు. చేతిలో వేళ్లతో సహా పీకిన నాలుగు మిర్చి మొక్కలు. నడుమెత్తు పెరిగాయి. ఆకు నిగనిగలాడుతోంది. ఒక్క కాయ లేదు.

షాపు యజమాని రాజీవ్ సార్ వాటిని ముట్టుకోలేదు. తుఫానుకు పూత రాలిందన్నాడు. తుఫాను కంటే ముందే పూత పట్టలేదని అన్న చెప్పాడు. బిల్లు ఏదని సార్ అడిగాడు. అన్న దగ్గర బిల్లు లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు. నేను చేతికందే దూరంలో కూర్చుని ఉన్నాను. బిల్లు పుస్తకం మూసేశాను.

"నీళ్లు ఎక్కువ పెట్టుడు, తాగి పండుడు, ఆఖరికి ఇత్తనం మీద పడుడు. మీకు మిర్చి ఎందుకురా ప్రేమ్‌సింగ్, జొన్న ఏసుకోక" అన్నాడు సార్. షాపులో నలుగురున్నారు. ముగ్గురు నవ్వారు.

వేళ్లకున్న మట్టి నేల మీద రాలింది. "జమునా, గా మట్టి ఊడ్వు" అన్నాడు.

ఊడ్చాను. నేను ఊడ్చేదాకా అన్న అక్కడే నిలబడి, తర్వాత మొక్కలు తీసుకుని వెళ్లిపోయాడు. నా వైపు చూడలేదు.

నవంబర్ 6, గురువారం

సార్ నాకు కొత్త పని చెప్పాడు. పురుగుమందుల కంపెనీలు బాగా అమ్మిన డీలర్లను ఏటా విదేశం తీసుకుపోతాయి. ఈసారి సార్ రెండు కంపెనీల టార్గెట్లు దాటాడు. రెండూ ఓడ ప్రయాణాలే, రెండూ ఒకే వారం. ఒకటే ఎంచుకోవాలి. కంపెనీ ఇచ్చేది బాల్కనీ గది. పైన కొంత కడితే సూట్ వస్తుంది. ఏ ఓడ సూట్‌లో ఏమేమి ఊరికే ఇస్తారో చదివి పట్టిక వేయమన్నాడు. ఇంగ్లిష్ అంత చదివే ఓపిక ఆయనకు లేదు.

మధ్యాహ్నమంతా చదివాను.

ముంబై ఓడ: నిరుడు ఆయన ఎక్కింది. అందులో ఎన్ని రాత్రులు పడుకుంటే అన్ని పాయింట్లు. ఆ పాయింట్లతో సిల్వర్ కార్డు వచ్చింది. పర్సులో పెట్టుకుని రైతులకు కూడా చూపిస్తాడు. సిల్వర్ వాళ్లకు వేరే లైను, ఒక సంచి బట్టలు ఊరికే ఉతుకుతారు, కెప్టెన్‌తో ఒక ఫొటో. సూట్ తీసుకుంటే రెండు ఫోన్లకు వైఫై ఊరికే. రోజూ ఏదో ఒక ఒడ్డుకు చేరుతుంది.

సింగపూర్ ఓడ: సిల్వర్ కార్డు చెల్లదు. సున్నా నుంచి మొదలు. కానీ సూట్‌కు బట్లర్ ఉంటాడు. పెట్టెలు విప్పి బట్టలు అల్మారాలో సర్దుతాడు. బాల్కనీలో పడుకుని స్నానం చేసే నీళ్ల తొట్టి. పై అంతస్తులో సూట్ వాళ్లకు మాత్రమే లాంజ్, వాళ్లకు మాత్రమే వేరే భోజనాల హాలు. వైఫై సూట్‌కు కూడా విడిగా కొనుక్కోవాలి. ఎక్కిన తర్వాత రెండు రోజులు నేల తగలదు.

మనుషులు ఇలా కూడా ఉంటారని నాకు తెలియదు. దిండ్లకే ఒక మెనూ ఉంది.

నవంబర్ 8, శనివారం

మా తండా వాళ్లు పదకొండు ఇళ్ల నుంచి మొక్కలు తీసుకుని వ్యవసాయ అధికారి శిరీష మేడం దగ్గరికి వెళ్లారు. సెలవు పెట్టి నేనూ వెళ్లాను. మేడం రెండు మాటలు చెప్పింది. శాస్త్రవేత్తలు వచ్చి చూసేదాకా చేను అలాగే నిలబెట్టాలి. బిల్లు లేదు కాబట్టి, వేసిన విత్తనం ప్యాకెట్ మీద ఉన్న లాట్ నంబరుతోనే సరుకు షాపులో దొరకాలి. దొరకకపోతే కేసు నిలవదు.

లాట్ నంబరు ఉంది. నీలి వదిన నారుమడి గట్టున కట్టెకు గుచ్చిన ఖాళీ ప్యాకెట్ వానకు తడిసినా అంకెలు పోలేదు.

సరుకూ ఉంది. మిగిలిన ఆరు డబ్బాలు గోదాములో మక్క బస్తాల వెనక ఉన్నాయి. వచ్చే ఏడు కొత్త స్టిక్కర్ వేసి అమ్ముతాడు. అవి అక్కడ పెట్టింది లస్మయ్యా నేనూ.

మేడంకు వెంటనే చెప్పలేదు. నిరుడు ఒకసారి తనిఖీకి జీపు బయలుదేరగానే సార్‌కు ఎవరో ఫోన్ చేశారు. ఎవరో ఇప్పటికీ తెలియదు. సార్ మానుకోటలోని తన ఇంటి నుంచే లస్మయ్యకు ఫోన్ చేశాడు. అరగంటలో గోదాము ఖాళీ. జీపు వచ్చేసరికి నేను ట్రాలీలో డబ్బాల మీద కూర్చుని పక్క ఊరు దాటుతున్నాను.

ఫోన్ మోగినంత కాలం ఆయనను ఎవరూ పట్టుకోలేరు.

నవంబర్ 9, ఆదివారం

జులైలో సార్ అన్న మాట రాసి పెట్టుకోవాలి. "గీ లాటుకు బిల్లు రాయకు. మీ తండోళ్లు నీ మాట ఇంటరు, నువ్వు చెప్పు." చెప్పాను. పదకొండు ఇళ్లూ నా మాట మీదే కొన్నాయి.

నవంబర్ 10, సోమవారం

పట్టికలో ఇరవై మూడు వరుసలు వచ్చాయి. ఎక్కించడం, సామాను, బట్లర్, లాంజ్, భోజనం, తాగేవి, దిండ్లు, లాండ్రీ, పాయింట్లు, ఇంకా చాలా. పదిహేడో వరుస వైఫై.

పదిహేడో వరుస తీసేశాను. కింది వరుసలు పైకి జరిగాయి. పట్టికలో ఉన్నదంతా నిజమే.

నవంబర్ 12, బుధవారం

సార్ పట్టిక చూశాడు. వేలితో ఒక్కొక్క వరుసా దాటాడు. సిల్వర్ కార్డు మీద ప్రాణం. మూడేళ్లు అదే ఓడ ఎక్కితే గోల్డ్ వస్తుందని లెక్క చెప్పాడు. ముంబై ఓడకే మొగ్గాడు.

అప్పుడు జితేందర్ సంగతి ఎత్తాను. జితేందర్ డోర్నకల్ డీలర్. ఇద్దరికీ పదేళ్లుగా పడదు. అతను సింగపూర్ ఓడకు వెళ్తున్నాడు, బాల్కనీ గదిలో. సార్‌కు ఆ సంగతి తెలుసు. సూట్ వాళ్ల భోజనాల హాలులోకి బాల్కనీ వాళ్లను రానివ్వరని, తలుపు దగ్గరే గది కార్డు రంగు చూసి ఆపేస్తారని చెప్పాను.

సార్ ఆ వరుస మళ్లీ చదివించుకున్నాడు. "అంటే వాడు తలుపు కాడ్కొచ్చి ఆగుడేనా?" అన్నాడు.

"ఆగుడే సార్."

సాయంత్రం నాలుగింటికి సింగపూర్ ఓడలో సూట్ బుక్ చేయించాడు. ఆయనకు జితేందర్ మీద ఉన్నదీ, నాకు ఆయన మీద ఉన్నదీ ఒకటే అనిపించింది. అనిపించి ఊరుకుంది.

నవంబర్ 15, శనివారం

అన్న ట్రాక్టర్ మాట్లాడుకుని వచ్చాడు. చేను దున్ని మక్క వేస్తాడట. పన్నెండు రోజులు ఆగమన్నాను. ఎందుకని అడిగాడు. చెప్పలేదు. అదును దాటుతోందని వదిన ఏడ్చింది. ఆగారు.

నవంబర్ 18, మంగళవారం

సార్ భార్య సింధూజ మేడం షాపుకు వచ్చింది. మనిషి మంచిది. వచ్చినప్పుడల్లా నాకు టిఫిన్ తెస్తుంది. సూట్ ఫొటోలు చూపించమంది. చూపించాను. తర్వాత నేను భయపడుతున్న ప్రశ్న అడిగింది. ఓడలో నెట్ ఉంటుందా?

ఆమెకు అబద్ధం చెప్పలేకపోయాను. విడిగా కొనుక్కోవాలని చెప్పాను.

ఇక అంతా పోయిందనుకున్నాను. ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "మీ సార్‌కు చెప్పకు జమునా. నిరుడు ఐదు రోజులు సముద్రం చూడలే, ఫోన్ చూసిండు. ఊరికే వస్తదనుకోని ఎక్కనీ. అక్కడ పైసలడిగితే పంతానికి కొనడు."

నిజమే. నీళ్ల సీసా ధర మీద లాడ్జిలో గంటసేపు కొట్లాడి, దాహంతో పడుకున్న మనిషి.

ఆమె తెచ్చిన ఉప్మా తిన్నాను. సగం దాకా తినగలిగాను.

నవంబర్ 22, శనివారం

సార్ లెటర్‌హెడ్ మీద రాసిచ్చాడు: తాను లేని రోజుల్లో షాపు, గోదాము బాధ్యత జమునది. లైసెన్స్ ఉన్న షాపుకు ఇన్‌చార్జి పేరు ఉండాలట. కింద నా సంతకం పెట్టించుకుని తాళాలు ఇచ్చాడు. గోదాము తాళం ఇత్తడిది, బరువు.

శిరీష మేడం ఇంటికి వెళ్లి అన్నీ చెప్పాను. ఇరవై ఆరున రమ్మన్నాను. ఆమె నా సంతకం ఉన్న కాగితం చాలాసేపు చూసింది.

"గోదాముల సరుకు దొరికితే ఇన్‌చార్జి పేరు కూడా రాయాలె. నిన్ను ఇడిసిపెట్టి రాయరాదు."

"రాయండి మేడం" అన్నాను.

అన్నకు ఈ మాట చెప్పలేదు.

నవంబర్ 25, మంగళవారం

సాయంత్రం ఐదింటికి సింధూజ మేడం ఫొటో పంపింది. నల్ల కోటు వేసుకున్న బట్లర్ సార్ పెట్టె పట్టుకుని ఉన్నాడు. సార్ నవ్వుతున్నాడు. బాగుంది మేడం అని పెట్టాను. ఒక్క టిక్కే పడింది, ఆమె ఫోన్‌కు చేరలేదు.

నవంబర్ 26, బుధవారం, ఉదయం 9

ఇంకా ఒక్క టిక్కే.

అదే రోజు, సాయంత్రం

పదిన్నరకు షాపు ఫోన్ మోగింది. ఎవరో మగమనిషి. సార్ ఫోన్ ఎంతసేపు చేసినా కలవడం లేదట. జీపు బయలుదేరిందని చెప్పమన్నాడు. చెప్తానన్నాను. పెట్టేశాను.

లస్మయ్య విన్నాడు. ట్రాలీ తాళం చేతిలో ఆడిస్తూ నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సార్ ఏమన్న చెప్పిండా?"

"చెప్పలే."

"చెప్పకుంటే నేనెందుకు కదుపుత." బీడీ ముట్టించుకుని బయట బండ మీద కూర్చున్నాడు. అతని బావమరిదీ అదే విత్తనం వేశాడని నాకు ఇవాళే తెలిసింది.

పదకొండుకు శిరీష మేడం వచ్చింది. గోదాము నేనే తెరిచాను. మక్క బస్తాలు నేనే జరిపాను. ఆరు డబ్బాలూ అక్కడే ఉన్నాయి. ప్యాకెట్ మీద అంకెలు, వదిన ఇచ్చిన ప్యాకెట్ మీద అంకెలు ఒకటొకటిగా చదివి కలిపారు. పక్కనే ఒక అట్టపెట్టెలో వచ్చే ఏటి తేదీ ఉన్న స్టిక్కర్లు. అవి అప్పటికే అచ్చయి అక్కడున్నాయని నాకూ తెలియదు. పంచనామా రాయడానికి రెండు గంటలు పట్టింది. నాలుగు చోట్ల సంతకం పెట్టాను. షట్టర్‌కు లక్కతో సీలు వేశారు.

ఇన్ని రోజులూ ఈ పూట కోసమే తిండి తిన్నాను. ఆయన ఇప్పుడు ఏ తొట్టిలో పడుకుని ఉన్నాడో, ఏ తలుపు దగ్గర జితేందర్‌ను చూసి నవ్వుతున్నాడో అనుకుంటూ సంతకాలు పెట్టాను. తృప్తిగా ఉంది. అబద్ధమెందుకు.

నవంబర్ 27, గురువారం

శాస్త్రవేత్తలు ఇద్దరు చేలు తిరిగారు. మొక్కలు కొలిచారు, ఫొటోలు తీశారు. విత్తనంలోనే లోపమని నోటితో చెప్పారు. కాగితం తర్వాత వస్తుందట. పరిహారం ఎప్పుడని మా తండా లక్ష్మా కాక అడిగితే, అది పైవాళ్లు తేల్చాలన్నారు.

వాళ్లు వెళ్లాక అన్న గట్టు మీద కూర్చున్నాడు. మా తండా భాషలో ఒకటే అడిగాడు. జులైలో బిల్లు రాయొద్దన్నప్పుడు నీకు అనుమానం రాలేదా అని.

వచ్చిందన్నాను.

లేచి ఇంటికి పోయాడు. రాత్రి నాకు అన్నం వదిన పెట్టింది. అన్న అప్పటికే తిని పడుకున్నాడు.

నవంబర్ 28, శుక్రవారం

ఓడ ఒడ్డుకు చేరింది. ఉదయం ఎనిమిదికి రెండు టిక్కులు పడ్డాయి. ఎనిమిదీ ఐదుకు సార్ ఫోన్.

గోదాము ఎవరు తెరిచారని అడిగాడు. నేనే అన్నాను. తాళం ఎవరిచ్చారన్నాడు. మీరే సార్ అన్నాను. వెనక ఎవరో ఇంగ్లిష్‌లో టిఫిన్‌ను గదికే తేవాలా అని అడుగుతున్నారు.

"నీ పేరు కూడా రాసిండ్రు, ఎరికేనా?" అన్నాడు.

ఎరికే అన్నాను.

తిట్టలేదు. తిడతాడని ఎదురుచూశాను. పెట్టేశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నవంబర్ 29, శనివారం

సింధూజ మేడం మెసేజ్: నువ్వు నాతో ఒక్క మాట చెప్పి ఉంటే?

ఆమెకు చెప్పాల్సింది ఏమీ లేదు. అన్నకు ఉంది. పొద్దున చెప్పాను, నా పేరు కూడా కేసులో ఉందని. వింటూ కిరాయి ట్రాక్టర్ చక్రానికి అంటిన మట్టి పుల్లతో గీకాడు. గీకడం ఆపలేదు.

నవంబర్ 30, ఆదివారం

అన్న ఆరింటికి చేనుకు పోయాడు. ఓడ మధ్యలోనే దిగి రాత్రి విమానంలో వచ్చిన రాజీవ్ సార్‌ను పోలీసులు ఏడూ పదికి మానుకోట ఇంటి నుంచి తీసుకుపోయారు. నన్ను తొమ్మిదీ ఇరవై ఐదుకు.